మిద్దె మీద వెర్బెనా: చాలా చలికాలాల అనుభవంతో

హైదరాబాద్‌లో మా మిద్దె మీద చాలా ఏళ్లుగా కుండీల్లో వెర్బెనా పెంచుతున్నాను. చలికాలం పూలలో పెటూనియా కంటే దీనికే నా ఓటు. ఒక్క జల్లు పడితే పెటూనియా పూలు తడిసి వాలిపోతాయి. వెర్బెనావి చిన్న పూలు, అంత తొందరగా చెదరవు.

గుత్తిని దగ్గరగా చూడండి. అంచున ఉన్నవి ముందు విచ్చుకుంటాయి, నడిమి మొగ్గలు తర్వాత వంతు కోసం ఆగుతాయి. ఒక్కో పువ్వుకి ఐదు రేకులు, ప్రతి రేకు కొసన చిన్న నొక్కు. ఊదా రంగు పువ్వు మధ్యలో తెల్లటి కన్నున్న రకం నాకు ప్రాణం. పది దాటాక ఎండెక్కితే సీతాకోకచిలుకలు దాని మీదే వాలతాయి.

ఎండ విషయంలో మాత్రం రాజీ పడదు. రోజుకి కనీసం 6 గంటలు నేరుగా తగలాలి. నీడలో పెడితే కాడలు సాగిపోయి పూలు తగ్గుతాయి, ఆకుల మీద బూడిద తెగులు వచ్చేస్తుంది. రెండు గంటలే ఎండ పడే బాల్కనీ ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దనే చెబుతాను.

విత్తనాలు మొలవడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది, పైగా చీకటి కావాలి, తడి ఎక్కువైతే కుళ్లిపోతాయి. అంత టెన్షన్ ఎందుకు? నవంబరులో నర్సరీలో నారు కొనుక్కోవడమే మేలు. ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), కాస్త ఇసుక కలిపిన మట్టిలో నాటి, కొసలు తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. పైమట్టి ఆరాకే నీళ్లు, అవీ మొక్క మొదలు దగ్గరే పోయాలి, ఆకుల మీద కాదు. నత్రజని ఎరువు ఎక్కువేస్తే ఆకులే మిగులుతాయి.

వాడిన గుత్తులు తీసేస్తూ ఉండాలి. పూత మందగించినప్పుడు మొక్కను పావు వంతు కత్తిరించి ఎరువు వేస్తే మళ్లీ గుత్తులు వస్తాయి. మట్టికి తగిలిన కణుపుల దగ్గర వేళ్లు పుడతాయి, ఆ ముక్క కోసి ఇంకో కుండీలో పెడితే కొత్త మొక్క ఉచితం.

లోపం ఒక్కటే, ఎండాకాలం. మార్చి చివర్లో ఎర్రనల్లి (ఆకుల రసం పీల్చే అతి చిన్న పురుగు) మొదలవుతుంది, ఆకుల అడుగున సాలెగూడు లాంటి సన్నని గూడు కనిపిస్తుంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట అడుగువైపు తడిసేలా కొడతాను. కొన్నాళ్లు ఆగుతుంది కానీ ఏప్రిల్ ఎండకి మొక్క నీరసించిపోతుంది. వేసవి దాటాలంటే సన్నగా చీలిన ఆకులుండే మాస్ వెర్బెనా (moss verbena) రకం కొనండి. మా మిద్దె మీద మే నెలలో పూలు తగ్గినా ఆ రకం మొక్క మాత్రం నిలబడింది.