ఆ ఫోటో ఎగ్జిబిషన్ ప్యాకేజీకి డబ్బు కట్టకండి, నేను కట్టింది చాలు

నిన్న రాత్రి మీ ఫోన్లకీ వచ్చే ఉంటుంది ఆ పోస్టర్. "సిరిమానోత్సవం ఫోటో వాక్ ప్లస్ ఎగ్జిబిషన్, 5,500 మాత్రమే, సీట్లు పరిమితం." సిరిమానోత్సవం అంటే విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతర. ఆ పోస్టర్ ఎవరిదో పేరు చెప్పను. విజయనగరం, శ్రీకాకుళంలో కెమెరా మెడలో వేసుకుని తిరిగేవాళ్ళందరికీ తెలిసినవాళ్ళే. వాళ్ళకి డబ్బు కట్టకండి. ఇప్పటికే కట్టేసి ఉంటే వాళ్ళ మెసేజీలన్నీ స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి. కోపం తగ్గాక నెమ్మదిగా రాద్దామనుకున్నాను గానీ, ఆ పోస్టర్ చూశాక ఇక తగ్గేలా లేదు.

మొన్న ఆగస్టు 19, ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం పేరుతో వీళ్ళు విజయనగరంలో పెట్టిన ఇలాంటి ప్యాకేజీలోనే చేరాను. మొదట 3,000 అన్నారు. తర్వాత ఫ్రేముకి 900, కేటలాగుకి 600. మొత్తం 4,500. నేను హైస్కూల్లో లెక్కల మాస్టార్ని, కూడిక బాగానే వచ్చు, బుద్ధే రాలేదు. ఫోటో వాక్ గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. కోట దగ్గర్నుంచి గంటస్తంభం దాకా నలభై మందిమి బడి పిల్లల్లా వరసగా నడిచాం. వస్తాడన్న మెంటార్ రాలేదు. దారిలో టీ కాచుకునే ఆయన్ని నలభై కెమెరాలు చుట్టుముడితే పాపం ఆయన స్టవ్ ఆర్పేసి లోపలికి వెళ్ళిపోయాడు. కేటలాగు ఇప్పటిదాకా అచ్చవలేదు. సర్టిఫికెట్ ఇచ్చారు, పేరు రాసే చోట ఖాళీగా ఉంది. మనమే రాసుకోవాలట.

1839లో అదే ఆగస్టు 19న ఫ్రాన్స్ ప్రభుత్వం డాగురోటైప్ పద్ధతిని, అంటే ఫోటో తీసే విద్యని, ప్రపంచానికి ఉచితంగా ఇచ్చేసింది. ఒక్క ఇంగ్లండ్‌లో మాత్రం పేటెంట్ అడ్డం పెట్టారులెండి. మనవాళ్ళు ఇంగ్లండ్ దారి పట్టారు.

సరే, డబ్బు పోతే పోయింది. నా మంట దాని గురించి కాదు.

నేను ఇచ్చిన ఫోటో జనవరిలో కళింగపట్నంలో తీసింది. తెల్లవారుజామున, వంశధార సముద్రంలో కలిసే వైపు, ఇసుకలో కూర్చుని ఒక తాత చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు. ఎడమవైపు ఆయన మొహం, సగం నీడలో. కుడివైపు చివర చాచిన చెయ్యి, వేళ్ళ మధ్య వల అల్లే సూది, దారం బిగించి లాగుతున్న క్షణం. ఎండ సరిగ్గా ఆ వేళ్ళ మీదే పడింది. ఆ ఫోటో అంతా ఆ చెయ్యే. దానికోసం మూడు ఆదివారాలు వెళ్ళాను. తాత మొదటివారం నాతో మాట్లాడనే లేదు, రెండోవారం తిట్టాడు, మూడోవారం "తీసుకో బాబూ, నాకేటి" అన్నాడు.

అందుకే ఎగ్జిబిషన్‌కి ఆయన్ని కూడా తీసుకెళ్ళాను. గోడ మీద పెద్దగా ఫ్రేములో తనని తాను చూసుకుంటాడు కదా అని నా సంబరం. పెళ్ళిళ్ళకి దాచుకున్న తెల్ల పంచె కట్టుకుని, తలకి నూనె రాసుకుని తెల్లారేసరికి రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. రెండు బస్సులు మారి విజయనగరం చేరాం. దారంతా ఒకటే ప్రశ్న, "ఎంత పెద్దదుంటాది బాబూ?" నేను చేతులు చాపి చూపించాను, పద్దెనిమిది అంగుళాల మేర.

హాల్లోకి వెళ్ళాం. మా ఫోటో ఎక్కడుందో వెతుక్కోవడానికే పావుగంట పట్టింది. చెప్పులు విడిచే చోటు పక్కన, ట్యూబ్‌లైటు వెలుగు అద్దం మీద పడి మెరుస్తుండగా ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే మొహం ఉంది. వల ఉంది, దారం ఉంది. దారం కుడివైపు వెళ్ళి ఫ్రేము చెక్కలోకి దూరిపోయింది. చెయ్యి లేదు.

నాకు నోట మాట రాలేదు. తాత కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు. ముందు అద్దం మీద తుడిచాడు, చెయ్యి మరకల కింద దాక్కుందేమో అనుకున్నాడో ఏమో. తర్వాత నా వైపు తిరిగి చాలా మామూలుగా అడిగాడు, "నా సెయ్యేది బాబూ? కోసీసినారేటి?"

నిర్వాహకుడి దగ్గరికి వెళ్ళాను. ఈయన నన్ను డబ్బు కట్టేదాకా "సార్" అన్నాడు, కట్టాక "మాస్టారూ" అన్నాడు. ఈ ప్రశ్న అడిగాక "నువ్వు" అన్నాడు. మొదటి జవాబు, "మిషన్ కట్ చేసేసింది మాస్టారూ, సైజు సెట్ అవ్వలేదు." ఎందుకు సెట్ అవ్వదయ్యా? మన కెమెరా ఫ్రేము మూడుకి రెండు. వాళ్ళు వేస్తామన్న 12×18 అంగుళాల ప్రింటు కూడా మూడుకి రెండే. ఒక్క గీత కూడా కొయ్యాల్సిన పనిలేదు. స్కేలు ఉందా అని అడిగి అక్కడే కొలిచాను. 12×15. పదిహేను అంగుళాల ఫ్రేములు చవగ్గా దొరికాయని టోకున కొనేసి, అందరి ఫోటోలూ అందులో పట్టేలా కోసేశారు. పక్కన ఒక అమ్మాయి తీసిన తేలినీలాపురం పెలికాన్ పక్షి ఫోటోలో ముక్కు చివర పోయింది. పెలికాన్‌కి ముక్కు తీసేస్తే ఇంకేం మిగులుతుంది!

"మీరు 12×18 అన్నారు కదా" అన్నాను. "రసీదు చూసుకో" అన్నాడు. చూశాను. "12 ఇంచుల ప్రింట్, ఫ్రేముతో" అని ఉంది. పన్నెండు ఏ వైపో, రెండోవైపు ఎంతో లేదు. నోటితో చెప్పింది 12×18, కాగితం మీద రాసింది ఒక్క 12. పదో తరగతి పిల్లలకి ఏటా నిష్పత్తులు చెప్పే మనిషిని, కొలతల్లో ఒక వైపే రాసి ఉంటే సంతకం పెట్టి వచ్చాను. నా విద్యార్థి ఎవడైనా ఇలా చేస్తే బెంచీ ఎక్కించేవాణ్ని.

అంతటితో అయిపోతే ఇంత రాసేవాణ్ని కాదేమో. మేం మాట్లాడుతుండగానే బయట కారు ఆగిన చప్పుడైంది, ముఖ్య అతిథి వచ్చారని హడావుడి. తాత అప్పటికే అలసిపోయి ముందువరసలో ఒక కుర్చీలో కూర్చున్నాడు. నిర్వాహకుడు అటు చూసి, నాతో, తాతకి వినపడేలాగే, "ముందు ఈ ముసలాయన్ని లేపి వెనక్కి తీసుకెళ్ళు, గెస్టులు కూర్చునే చోటు. ఎక్కడెక్కడివాళ్ళనో తీసుకొచ్చేస్తే ఎలా?" అన్నాడు. అలా అన్న నిర్వాహకుడి వెనక గోడ మీద, సరిగ్గా భుజం పైన, అదే ముసలాయన మొహం ఉంది. గుర్తుపట్టలేదు. అంటే ఆ ఫోటోని ఒక్కసారి కూడా చూడలేదు. నలభై మంది దగ్గర డబ్బు తీసుకుని గోడకి కొట్టించాడే గానీ, వాటిలో ఏముందో చూడలేదు.

నేను ఏదో అనబోయేలోపే తాత లేచి నిలబడ్డాడు. పంచె సర్దుకుని "పోదాం బాబూ, బస్సు ఉంటాది" అన్నాడు. నేను గట్టిగా అరిచి ఉండాల్సింది. అరవలేదు. నలుగురిలో గొడవెందుకులే అనే మాస్టారి పిరికితనం. రెండు రోజులుగా బాత్రూంలో అరుస్తున్నాను.

ఇంకొకటి. ప్రింటు దగ్గరగా చూస్తే మొహం అంతా గళ్ళు గళ్ళుగా ఉంది. ఫోటో ఎంపిక కోసం ముందు వాట్సాప్‌లో శాంపిల్ పంపమన్నారు, పంపాను. తర్వాత ఒరిజినల్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి, కవర్లో పెట్టి, స్టేపుల్ కొట్టి చేతికిచ్చాను. 6000×4000 పిక్సెళ్ళ ఫైలు అది, పద్దెనిమిది అంగుళాలకి వేసినా అంగుళానికి 333 వస్తాయి. మంచి ప్రింటుకి 300 ఉంటే చాలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు 1600 పిక్సెళ్ళకి కుదించేస్తుంది, అది వేస్తే అంగుళానికి తొంభై కూడా రావు. ఏది వేశారో నాకెలా తెలిసిందంటారా? వచ్చేటప్పుడు పెన్‌డ్రైవ్ వెనక్కి ఇచ్చారు. అదే కవరు, నేను కొట్టిన స్టేపులే. విప్పలేదు!

డబ్బు వెనక్కి అడిగితే "ప్లాట్‌ఫామ్ ఇచ్చాం కదా, ఎక్స్‌పోజర్ వచ్చింది కదా" అని మెసేజ్ పెట్టి నన్ను గ్రూపులోంచి తీసేశారు.

ఇప్పుడు ఆ పోస్టర్ సంగతి. ఇంకోసారి తెరిచి చూడండి. పైన అమ్మవారి గుడి గోపురం, కింద వల పట్టుకున్న ఒక చెయ్యి, పక్కన "బెస్తవల" అని అక్షరాలు. సిరిమాను, అంటే పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, దాని ముందు సాగే పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగుతో పాటు బెస్తవల కూడా ఉంటుందని ఎవరో చెప్పి ఉంటారు, వల ఉన్న ఫోటో కోసం వెతికి ఉంటారు. ఆ చెయ్యి కళింగపట్నం తాతది. నా వాట్సాప్ శాంపిల్లోంచి తీసుకున్నారు. గోడ మీద చెయ్యి కోసి మొహం పెట్టారు, పోస్టర్ మీద మొహం కోసి చెయ్యి పెట్టారు. నా పేరు ఎక్కడా లేదు. అడగడానికి మొహమూ లేదు నాకు. ఎందుకంటే ఫారం వెనకవైపు చిన్న అక్షరాల్లో "ఎంపికైన ఫోటోల సర్వహక్కులు నిర్వాహకులవే" అని ఉంది, కింద నా సంతకం ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సాధారణంగా ఫోటో తీసినవాడిదే మొదటి హక్కు, సంతకం పెట్టి రాసిచ్చేస్తే తప్ప. నేను 4,500 ఎదురిచ్చి మరీ రాసిచ్చాను.

అయినా సిరిమానుకి ఫోటో వాక్ ఏమిటి, దానికి 5,500 ఏమిటి? దసరా వెళ్ళిన తర్వాత మంగళవారం అమ్మవారి గుడి ఉన్న మూడులాంతర్ల దగ్గరికి వెళ్తే చాలు. సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళివస్తుంది. మొదటిసారి జనంలో నలిగి ఏమీ తీయలేకపోయినా ఇంకా రెండుసార్లు అవకాశం ఉంటుంది. పోయినేడు ఒక ఇంటావిడ ముక్కూమొహం తెలియని నన్ను డాబా ఎక్కనిచ్చి, మంచినీళ్ళు కూడా ఇచ్చింది. సిరిమాను మీదికి విసిరిన అరటిపండు ఒకటి వచ్చి నా లెన్సు హుడ్‌కి తగిలింది. ప్రసాదమనుకుని తినేశాను. ఖర్చంతా కలిపి బస్సు ఛార్జీ.

నేను శ్రీకాకుళంలో మామూలు ల్యాబ్‌లో 12×18 వేయించాను, ఈ ఆదివారం తాతకి ఇచ్చి వస్తాను. తీసుకుంటాడో లేదో.

ఆ, కొన్ని జాగ్రత్తలు కూడా చెప్తాను. ప్రింటు సైజు రెండు వైపులా రసీదు మీద రాయించుకోండి. ఫారం వెనక్కి తిప్పి చూడండి. వాట్సాప్‌లో శాంపిల్ పంపాల్సి వస్తే ఫోటో మధ్యలో పేరు అడ్డంగా వేసి పంపండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, నేను రేపు ఫోన్ చేస్తున్నాను. ఆ నలభై మందిలో ఎవరైనా ఇది చదువుతుంటే, ముఖ్యంగా పెలికాన్ ఫోటో తీసిన అమ్మాయి, మీ రసీదు ఫోటో నాకు పంపండి. అందులో కూడా ఒక్క 12 మాత్రమే ఉందో లేదో చూడాలి.