టీ మానాలా, టీలో పంచదార మానాలా?

మా నాన్నకు షుగర్ ఉందని తేలిన రోజు ఇంట్లో అందరూ కలిసి ముందు ఆయన టీ ఆపేశారు. మర్నాటికల్లా తలపోటు, చిరాకు, ఎవరు పలకరించినా కసురు. "చూశావా, షుగర్ ఎంత పనిచేస్తుందో" అంది అమ్మ. అది షుగర్ చేసిన పని కాదు. నాలుగు పూటలా టీతో ఒంట్లో పడే కెఫీన్ ఒక్కసారిగా ఆగిపోయింది, అంతే. ఆయన ముందున్న బిస్కెట్ల డబ్బా జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

అలవాటు చేసేది ఏది అంటే, టీ పొడే. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంటుంది, నిద్రమత్తు దానివల్లే. అది కూర్చోవాల్సిన పీట మీద కెఫీన్ ముందే వెళ్లి కూర్చుంటుంది. రోజూ ఇదే జరుగుతుంటే మెదడు పీటల సంఖ్య పెంచుకుంటుంది. టీ పడని రోజున వాటన్నిటి మీదా అడినోసినే. 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై, ఒకటి రెండు రోజులు ముదిరి, వారం పది రోజుల్లో పోతుంది. టీ కూడా ముట్టని ఉపవాసాల్లో సాయంత్రానికి తల పట్టేసేది చాలామందికి ఇందుకే. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన రోగనిర్ధారణ గ్రంథంలో ఈ బాధకు చోటిచ్చింది. పంచదార వ్యసనానికి అందులో చోటు లేదు. ప్రయోగాల్లో ఆకలితో ఉంచి తీపినీళ్లు పెడితే ఎలుకలు ఎగబడ్డ మాట నిజమే. కానీ మనిషి ఎగబడేది మైసూర్‌పాక్ మీద, అందులో నెయ్యి వాటా తక్కువా?

హాని దగ్గరికొస్తే తక్కెడ తిరగబడుతుంది. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో కప్పు టీలో కెఫీన్ 30 నుంచి 65 మిల్లీగ్రాములు, రోజుకు 300 దాటొద్దు. అంటే నాలుగు కప్పులు తాగినా హద్దులోనే ఉన్నాం. అదే నాలుగు కప్పుల్లో రెండేసి చెంచాల పంచదార వేస్తే 32 గ్రాములు పైమాటే. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఇంకా బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, పక్కింటి వాళ్లు పంపిన లడ్డూలు లెక్కలోకి రానేలేదు. పళ్లు పుచ్చడం, బరువు, కాలేయంలో కొవ్వు, ఇవన్నీ పంచదార ఖాతాలోనే. బెల్లం టీ బోర్డులు చూసి మురిసిపోకండి. రక్తంలో గ్లూకోజు విషయంలో బెల్లమూ పంచదారకు చుట్టమే.

టీకి పూర్తి మార్కులు వేయను. గర్భిణులు బాగా తగ్గించాలి. రక్తహీనత ఉన్నవాళ్లు భోజనానికి గంట ముందు, గంట తర్వాత తాగకపోవడం మంచిది, అన్నంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. సాయంత్రం ఆరింటికి తాగిన కెఫీన్‌లో సగం రాత్రి పదకొండింటికి కూడా ఒంట్లోనే తిరుగుతుంటుంది. నిద్ర పట్టట్లేదని టెన్షన్ పడేవాళ్లు ముందు ఆ కప్పు చూసుకోవాలి.

రెంటిలో ఒకటే మానాలంటే నేను పంచదారే మానమంటాను. టీ తగ్గించాలనుకుంటే మాత్రం నాన్నకు చేసినట్టు ఒక్కరోజులో ఆపకండి, వారానికో కప్పు చొప్పున తగ్గించండి. ఆయన ఇప్పుడు చప్పిడి టీ తాగుతున్నారు. మొదటి వారం కషాయం అని తిట్టారు. ఈమధ్య పెళ్లిలో ఎవరో ఇచ్చిన మామూలు టీ ఒక్క గుక్క తాగి, "ఇదేంటి, పాకంలా ఉంది" అని పక్కన పెట్టేశారు.