బోరు స్టార్టర్ డబ్బాలో ఏది మేలు: డ్యూయల్ కోర్ ఒకటా, చిన్న చిప్‌లు రెండా?

నల్లగొండ బత్తాయి తోటలో అయినా, పాలమూరు మెట్ట చేనులో అయినా బోరు మోటారుకు ఫోన్ కంట్రోల్ పెట్టాలంటే ఒకే డబ్బాలో రెండు పనులు నడవాలి. ఒకటి మోటారును కాపాడటం, రెండోది నెట్‌వర్క్‌తో మాట్లాడటం. మొదటిదానికి మిల్లీసెకన్ల లెక్క. రెండోది టవర్ దయ. జీఎస్ఎం మాడ్యూల్ ఎస్సెమ్మెస్ పంపి జవాబివ్వడానికి 60 సెకన్ల దాకా పట్టొచ్చు. ప్రోగ్రామ్ ఆ జవాబు కోసం అక్కడే ఆగిపోతే, ఈలోపు ఒక ఫేజ్ పోయినా పట్టించుకునే దిక్కుండదు, వైండింగ్ కాలుతుంది.

డ్యూయల్ కోర్, అంటే ఒకే చిప్‌లో రెండు ప్రాసెసర్లు, ఈ చిక్కును తీరుస్తుంది: ఒకటి జవాబు కోసం ఆగినా ఇంకోటి మోటారును చూస్తూ ఉంటుంది. అయితే ఇది వేగం వల్ల కాదు. 50 హెర్ట్జ్ లైన్‌లో మిల్లీసెకనుకో శాంపిల్ (కరెంటు రీడింగ్) తీస్తే సైకిల్‌కు 20 వస్తాయి. 16 మెగాహెర్ట్జ్ ఏటీమెగా328పీ అనే చిన్న చిప్‌లో ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) క్లాక్ 125 కిలోహెర్ట్జ్ పెడితే రీడింగ్‌కు 104 మైక్రోసెకన్లు, మూడు సీటీలకు (ఫేజ్ కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్లకు) 312. చిన్న చిప్‌కే ఇంకా బోలెడు సమయం మిగులుతుంది.

వైఫై ఉన్న డ్యూయల్ కోర్ చిప్ ఈఎస్‌పీ32లో 240 మెగాహెర్ట్జ్ కోర్లు రెండున్నాయి. వైఫై పని మామూలుగా కోర్ 0 మీద నడుస్తుంది కాబట్టి కంట్రోల్ టాస్క్‌ను కోర్ 1కు కట్టేయాలి. కరెంటు రీడింగులను అటునుంచి ఇటు క్యూ (రీడింగులను వరసగా అందించే బఫర్) ద్వారానే పంపాలి. రెండు కోర్లూ నేరుగా చూసే గ్లోబల్ వేరియబుల్స్‌లో పెడితే ఒక ఫేజ్ కొత్త విలువ, ఇంకో ఫేజ్ పాత విలువ కలిసిపోయి, లేని అసమతుల్యత కనబడి మోటారు ఊరికే ట్రిప్ అవుతుంది. ఇంటరప్ట్‌లు (నడుస్తున్న పనిని మధ్యలో ఆపే పిలుపులు) ఆపితే చాలనుకోవద్దు, రెండో కోర్ నడుస్తూనే ఉంటుంది. సీటీలను ఏడీసీ1 పిన్నులకే కలపాలి, వైఫై నడిచేటప్పుడు ఏడీసీ2 నమ్మదగింది కాదు.

అసలు దెబ్బ ఫ్లాష్ (ప్రోగ్రామ్, సెట్టింగులు ఉండే మెమరీ) దగ్గర తగులుతుంది. సెట్టింగ్ సేవ్ చేసినా, ఓటీఏ అప్‌డేట్ (వైర్‌లెస్‌గా కొత్త ప్రోగ్రామ్) వచ్చినా ఫ్లాష్ రాసేటప్పుడు రెండు కోర్ల క్యాష్ (ఫ్లాష్ నుంచి కోడ్ అందించే దారి) ఆగుతుంది. 4 కేబీ సెక్టార్ చెరపడానికే పదుల మిల్లీసెకన్లు పడుతుంది. అంతసేపు కంట్రోల్ టాస్క్ కూడా నిలిచిపోతుంది. శాంపిలింగ్ ఇంటరప్ట్ కోడ్‌ను ఐర్యామ్‌లో (కోడ్ ఉండే ర్యామ్), దాని టేబుళ్లను డీర్యామ్‌లో (డేటా ఉండే ర్యామ్) పెట్టి, మోటారు స్టార్టయ్యేటప్పుడు ఏదీ సేవ్ చేయకుండా చూడాలి.

ఆర్‌పీ2040 అనే ఇంకో డ్యూయల్ కోర్ చిప్‌లోనూ కోడ్ బయటి ఫ్లాష్ నుంచే నడుస్తుంది. అయితే దాని 264 కేబీ ర్యామ్‌లో పట్టే ప్రోగ్రామ్‌ను మొత్తంగా ర్యామ్‌లోకి ఎక్కించి నడపొచ్చు. ఎఫ్‌పీయూ (దశాంశ లెక్కలు చేసే భాగం) లేదు కాబట్టి ఆర్ఎంఎస్ (ఏసీ కరెంటు ప్రభావ విలువ) లెక్క పూర్ణాంకాల్లో వేయాలి.

ఏ డ్యూయల్ కోర్ అయినా సప్లై ఒకటే, రీసెట్ కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే. 2జీ మాడ్యూల్ సిగ్నల్ పంపేటప్పుడు 2 ఆంపియర్ల దాకా గుంజుతుంది. పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ లేకపోతే వోల్టేజీ పడి రెండు కోర్లూ కలిసి రీసెట్ అవుతాయి, కాంటాక్టర్ (మోటారుకు కరెంటు ఇచ్చే స్విచ్) ఊడి మోటారు ఆగుతుంది. నెట్‌వర్క్ టాస్క్ బిగుసుకుని వాచ్‌డాగ్ (బిగుసుకున్న చిప్‌ను రీసెట్ చేసే టైమర్) కొట్టినా అంతే.

అందుకే త్రీఫేజ్ మోటారుకు మా ఓటు రెండు చిప్‌లకే. ఏటీమెగా కాపలా కాస్తుంది, ఈఎస్‌పీ32 మాట్లాడుతుంది. రెంటికీ వేర్వేరు రెగ్యులేటర్లు, మధ్యలో 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) సీరియల్ లైన్. సీఆర్‌సీతో (తప్పులు పట్టే అంకెతో) కలిపి 8 బైట్ల ఫ్రేమ్ పోవడానికి 8.3 మిల్లీసెకన్లు చాలు. ఏటీమెగా 5 వోల్టుల టీఎక్స్‌ను (డేటా పంపే పిన్నును) 1కే, 2కే రెసిస్టర్లతో 3.3కు దించాలి. ఈఎస్‌పీ32 రీసెట్ అయినా మోటారు నడుస్తూనే ఉంటుంది, కాపలా ఆగదు. ఖర్చు కొంచెం పెరుగుతుంది, ప్రోగ్రాములు రెండవుతాయి. కాలిన మోటారును బోరులోంచి పైకి తీసి రీవైండింగ్ చేయించే ఖర్చు ముందు అదెంత?

డ్రిప్ వాల్వులు, ట్యాంకు నీటి మట్టం వంటి పనులకు మాత్రం ఈఎస్‌పీ32 ఒక్కటి చాలు. రిలేను జీపీఐఓ 12 అనే పిన్నుకు కలపొద్దు, ఆన్ చేసేటప్పుడు ఆ పిన్ హైలో ఉంటే చిప్ బూట్ కాదు. రిలే డ్రైవర్ ఇన్‌పుట్‌కు 10కే పుల్‌డౌన్ (గ్రౌండ్‌కు కట్టే రెసిస్టర్) పెట్టాలి. ఏ పద్ధతి ఎంచుకున్నా స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలేను తీసేయకూడదు.