చిన్న వాకిట్లో సైకిల్‌కు చోటు: కవరా, ప్లాస్టిక్ పెట్టెనా, రేకుల షెడ్డా?

వరంగల్, కరీంనగర్ దిక్కు ఇళ్లలో సైకిల్ బయటే పెట్టక తప్పకపోతే, మా ఓటు వెల్డింగ్ షాపులో చేయించుకునే రేకుల షెడ్డుకే. అదీ గాలి ఆడేటట్టు ఉండాలి. వానలో తడిసి ఆరిపోయే బండికి పెద్దగా ఏమీ కాదు. తడి లోపలే నిలిచిపోయిన బండికే చైను, స్పోకుల మొనలు, సీటు కింది గొట్టం తుప్పు పడతాయి. ఏది కొన్నా ముందు గాలి సంగతి చూడాలి.

అందరూ మొదట కొనేది కవరు. ఆన్‌లైన్లో 190టీ అని రాసి ఉండేవి పలచటివి, 210డీ అని ఉండేవి కాస్త మందం. నీళ్లు ఆపే పూత గుడ్డకు లోపలివైపు ఉంటుంది. మే నెల ఎండకు అది పొలుసులై రాలిపోయిందంటే ఇక ఆ గుడ్డ వానకు ఆగదు. కోతులు తిరిగే కాలనీల్లో అయితే అంతకాలం కూడా ఉండదు, పీకి చింపేస్తాయి. సజ్జ కింద పెట్టే బండికి దుమ్ము పడకుండా కవరు చాలు. తడి బండి మీద మాత్రం కప్పకండి.

ప్లాస్టిక్ పెట్టెలు చూడ్డానికి బాగుంటాయి, కానీ కొలతల దగ్గరే మోసపోతాం. పెద్దల సైకిల్ పొడవు దాదాపు 6 అడుగులు. పెట్టె మీద రాసేది బయటి కొలత, లోపల నాలుగైదు అంగుళాలు తగ్గుతుంది. మూత పైకి లేచే రకమైతే పైన సజ్జ తగులుతుందేమో కూడా చూసుకోవాలి. గోడకు కొట్టే హుక్కు గేరు సైకిళ్లకు పనికొస్తుంది గానీ, 20 కిలోల దాకా తూగే పాతరకం బండిని చక్రం పట్టి వేలాడదీస్తే మడ్‌గార్డు వంగుతుంది. నాలుగున్నర అంగుళాల ప్రహరీ గోడలో యాంకర్ బోల్టు కూడా కొన్నాళ్లకు వదులవుతుంది.

ఇక షెడ్డు. రెండు సైకిళ్లను ఒకే దిక్కు పెడితే హ్యాండిళ్లు పెనవేసుకుంటాయి, 4 అడుగుల పైన వెడల్పు కావాలి. ఒకదాని హ్యాండిల్ ఇటు, రెండోదాని హ్యాండిల్ అటు పెడితే మూడున్నర సరిపోతుంది. పొడవు ఆరున్నర. ఎత్తు గోడ వైపు ఐదున్నర, ముందువైపు 5 అడుగులు పెట్టిస్తే వాలుకు 6 అంగుళాలు వస్తుంది. అంతకు తగ్గితే రేకు మీద నీళ్లు నిలుస్తాయి. షెడ్డు కన్నా ముందు బండి బయటికి తీసే దారిని కొలవండి. తెరిచిన చివర ఎదురుగా ఇంకో 6 అడుగుల ఖాళీ లేకపోతే రోజూ బండిని ఎత్తి తిప్పాల్సిందే.

మన దగ్గర వానాకాలపు గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి కొడుతుంది. సాయంత్రం ఎండ కూడా అటే. అందుకే పడమర, దక్షిణం వైపులా రేకు, ఉత్తరానికో తూర్పుకో తెరుపు ఉండాలి. పక్క రేకుల కింద, పైన నాలుగేసి అంగుళాలు వదిలి వెల్డ్ మెష్ (ఇనుప జాలీ) కొట్టించండి. కోతి దూరదు, గాలి ఆగదు. పైకప్పుకు కలర్ కోటెడ్ రేకు అర మిల్లీమీటరు మందం తీసుకోండి. అంతకన్నా పలచటిది కోతులు దూకితే సొట్టలు పడుతుంది. స్క్రూలు రేకు గట్టు మీద, రబ్బరు వాషరుతో బిగించాలి, పల్లంలో కొడితే కారుతుంది. రేకును గ్రైండరుతో కోయనివ్వకండి. ఎగిరిన ఇనుప రజను పెయింటు మీద అతుక్కుని, మొదటి వానకే ఎర్రటి చుక్కలు తేలతాయి. కత్తెరతోనే కోయాలి.

ఫ్రేముకు అంగుళంన్నర స్క్వేర్ పైపు, 16 గేజ్. ఈ కొలతకు 20 అడుగుల లెంతులు మూడు పడతాయి. షాపులో కాటా మీద పెట్టించండి, లెంతు దాదాపు 11 కిలోలు తూగాలి. ఎనిమిదిన్నర దగ్గర ఆగిందంటే అది 18 గేజ్, అంటే పలచటి పైపు. ఏప్రిల్, మే గాలిదుమారానికి తేలిక షెడ్డు లేచిపోతుంది కాబట్టి ప్రతి కాలు కింద అడుగు చదరం, అడుగున్నర లోతు గుంత తీసి కాంక్రీటు పోయించాలి. చల్క (ఎర్ర ఇసుక) నేలకు అది చాలు. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు పగులుతుంది, అక్కడ ఇంకో అడుగు లోతుకు పోవాలి. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే 12 మిల్లీమీటర్ల చువ్వను వంచి కొక్కెంలా దింపితే, బండి ఫ్రేమును దానికే గొలుసుతో కట్టి తాళం వేయొచ్చు. తలుపు పెడితే బందులు స్క్రూలతో వద్దు, వెల్డింగే చేయించండి.

వెల్డింగ్ వాళ్లు తరచుగా వదిలేసేది కాలి కింది ప్లేటు అడుగుభాగం. తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ పెయింటు రెండు కోట్లు అక్కడ కూడా వేశాకే బోల్టులు బిగించమనండి, తుప్పు మొదలయ్యేది అక్కడే. వెల్డింగ్ అతుకులకూ అంతే.

కింద మట్టి వద్దు. షాబాద్ బండలో, సిమెంటు గచ్చో వాకిలి కన్నా 3 అంగుళాలు ఎత్తుగా, బయటికి వాలుగా వేయించండి. 2023 జూలై వరదల్లో వరంగల్, హన్మకొండ లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకే నీళ్లొచ్చాయి. అలాంటి చోట గచ్చు ఎత్తు ఆదుకోదు, బండిని మెట్ల మీదికి చేర్చాల్సిందే. హబ్బులు మునిగితే విప్పించి గ్రీజు మార్పించాలి. ఇక బ్యాటరీ సైకిలైతే బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టుకోండి, ఎండాకాలం రేకు కింద వేడి దానికి పడదు.