ఆన్‌లైన్ వ్యాపార లెక్కల ప్యాకేజీ కొనబోయేవారికి హెచ్చరిక

హైదరాబాద్‌లో ఉంటూ ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకునే చిన్న వ్యాపారులు, ముఖ్యంగా ఇంటి నుంచే దుకాణం నడుపుతున్న మహిళలు, ‘ఆర్థిక నిర్వహణలో శిక్షణ ఇస్తాం, ఏడాది పాటు మీ పద్దులు, జీఎస్టీ రిటర్నులు మేమే చూసుకుంటాం’ అనే ప్యాకేజీలకు డబ్బు కట్టే ముందు దీన్ని ఒకసారి చదవాలని కోరుతున్నాను. అమీర్‌పేటలోని అలాంటి ఒక సంస్థకు 2025 జూన్‌లో నేను 32,000 రూపాయల ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ అంటూ మరో 5,760 రూపాయలు, మొత్తం 37,760 రూపాయలు చెల్లించాను. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు.

మా వ్యాపారం చాలా చిన్నది. మా ఆడపడుచు అత్తవారిల్లు భూదాన్ పోచంపల్లి. అక్కడి నేతకారుల దగ్గర ఆమె నూలు చీరలు ఎంచి పంపితే, దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంట్లో నేను ఫొటోలు తీసి, ఒక పెద్ద మార్కెట్‌ప్లేస్‌లో (చాలామంది అమ్మకందారులు సరుకు పెట్టే ఆన్‌లైన్ సైటులో) పెట్టి, ఆర్డర్లు ప్యాక్ చేసి పంపుతాను. అమ్మకాలు పెరిగేకొద్దీ లెక్కలు నా చేతుల్లోంచి జారిపోతున్నాయని భయపడి ఆ ప్యాకేజీ తీసుకున్నాను. ఆరు వారాల శిక్షణలో స్లైడ్లు అందంగానే ఉన్నాయి, చెప్పేవారి మాటతీరు కూడా బాగుంది. అయితే ఆ ఆరు వారాల్లో ఒక్కసారి కూడా మార్కెట్‌ప్లేస్ పంపే సెటిల్‌మెంట్ షీటును, అంటే ఏ ఆర్డరుకు ఎంత పట్టుకుని ఎంత ఇచ్చారో చూపే పట్టికను, తెరిచి చూపించలేదు. అది నాకు అప్పుడే అనుమానం కలిగించవలసింది.

వాళ్లు నేర్పిన సూత్రం ఒక్కటే: బ్యాంకులో పడిన డబ్బు అమ్మకం, బ్యాంకులోంచి పోయిన డబ్బు ఖర్చు, మిగిలింది లాభం. మా రిటర్నులు కూడా అదే సూత్రంతో వేశారు. ఎనిమిది నెలలు గడిచాక మా ఆడపడుచు తన పద్దుల పుస్తకంలో రాసుకున్న చీరల సంఖ్యను సంస్థ పంపిన నివేదికతో పోల్చి చూసి, “వదినా, మనం అమ్మిన చీరలకూ వీళ్లు చూపిన అమ్మకానికీ పొంతన లేదేమిటి?” అని అడిగేదాకా నాకు తప్పు తెలియలేదు. పదో తరగతితో చదువు ఆపేసిన ఆమెకు చేతి లెక్కలో దొరికింది, 37 వేలు తీసుకున్నవారి సాఫ్ట్‌వేర్‌కు దొరకలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో ఒక చీర లెక్కతో చెబుతాను, ఎందుకంటే ఇదే పొరపాటు చాలామంది పద్దుల్లో ఉండే అవకాశం ఉంది. కొనుగోలుదారు 2,100 రూపాయలు కట్టారనుకుందాం. అందులో చీర విలువ 2,000, దాని మీద 5 శాతం జీఎస్టీ 100. మార్కెట్‌ప్లేస్ తన కమిషన్ కింద 300, ఆ సేవ మీద 18 శాతం జీఎస్టీ 54, రవాణాకు 100, దాని మీద జీఎస్టీ 18 పట్టుకుంటుంది. ఇవిగాక చీర విలువ మీద 0.5 శాతం చొప్పున 10 రూపాయలు టీసీఎస్‌గా (అమ్మకం సొమ్ములోంచి ముందే పట్టే జీఎస్టీ), 0.1 శాతం చొప్పున 2 రూపాయలు టీడీఎస్‌గా (అలాగే ముందే పట్టే ఆదాయపు పన్ను) మినహాయించి ప్రభుత్వానికి జమ చేస్తుంది. ఈ టీసీఎస్ 2024 జూలై 10కి ముందు ఒక శాతం ఉండేది, టీడీఎస్ కూడా 2024 అక్టోబరు 1కి ముందు ఒక శాతమే. శిక్షణలో మాకిచ్చిన పుస్తకంలో రెండూ పాత రేట్లే ఉన్నాయి. మినహాయింపులన్నీ కలిపితే 484 రూపాయలు, మన ఖాతాలో పడేది 1,616.

సంస్థవారు ఈ 1,616 రూపాయలనే జీఎస్టీతో కలిసిన అమ్మకం ధరగా రాసుకున్నారు. దాంతో చట్టప్రకారం 100 రూపాయలు చూపవలసిన పన్ను సుమారు 77 రూపాయలుగా తేలింది. ఒకవైపు చీరకు 23 రూపాయలు తక్కువ చూపారు. మరోవైపు, కమిషన్ మీద, రవాణా మీద మేము కట్టిన 72 రూపాయల జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మేము కట్టవలసిన పన్నులోంచి తగ్గించి, వాడుకోవచ్చు, 10 రూపాయల టీసీఎస్‌ను జీఎస్టీ పోర్టల్‌లో అంగీకరిస్తే అది పన్ను కట్టడానికి పనికొచ్చే మా నగదు లెడ్జరులోకి వస్తుంది. ఈ రెండూ వాళ్లు ముట్టుకోలేదు. నేతకారులకు జీఎస్టీ నమోదు లేదు గనుక చీర కొనుగోలు మీద మాకు క్రెడిట్ రాదు, అయినా సరిగ్గా లెక్క వేస్తే చీరకు చేతి నుంచి కట్టవలసింది 18 రూపాయలే. వాళ్లు మాతో 77 కట్టించారు. ఎనిమిది నెలల్లో వెనక్కి వచ్చినవి పోగా సుమారు 400 చీరలు అమ్మాం కాబట్టి, కట్టవలసినదానికన్నా 23,600 రూపాయలు ఎక్కువ కట్టి, అదే సమయంలో పన్ను తక్కువ చూపినవాళ్లం కూడా అయ్యాం. ఇలా రెండు వైపులా నష్టం తెచ్చే తప్పు చేయడానికి కూడా ఒక నైపుణ్యం కావాలేమో.

మార్కెట్‌ప్లేస్ ప్రతి నెలా జీఎస్టీఆర్-8 అనే తన రిటర్నులో మన పేరు మీద జరిగిన నికర అమ్మకాన్ని ప్రభుత్వానికి విడిగా తెలియజేస్తుంది. ఆ అంకె మన రిటర్నులోని అంకెతో సరిపోకపోతే ప్రశ్న రావడం ఖాయం. మాకు ఏఎస్ఎంటీ-10 నోటీసు (రిటర్నులోని తేడాలకు వివరణ అడిగేది) అలాగే వచ్చింది. దానికి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మనం పన్ను కట్టే రిటర్ను అయిన జీఎస్టీఆర్-3బీని ఒకసారి వేశాక సవరించే వీలు లేదు గనుక తేడాలను తర్వాతి రిటర్నుల్లోనే సరిచేసుకోవాలి, వదిలేసిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను ఆ ఆర్థిక సంవత్సరం ముగిసిన తర్వాత వచ్చే నవంబరు 30 లోపు తీసుకోకపోతే అది పోయినట్టే. ఈ గడువు సంగతి మాకు సంస్థ చెప్పలేదు, తర్వాత కుదుర్చుకున్న ఆడిటరు గారు చెప్పారు.

వెనక్కి వచ్చిన చీరల విషయంలోనూ ఇదే నిర్లక్ష్యం. చీర 1,300కి కొని, 40 రూపాయల ప్యాకింగ్ పెడితే పై లెక్కలో మాకు మిగిలేది 260. ఒక చీర తిరిగి వస్తే రానుపోను రవాణా, ప్యాకింగ్ కలిపి 240 దాకా పోతుంది, అంటే ఇంకో చీర మీద వచ్చిన లాభం దానికే సరి. వాళ్ల నివేదికలో ఇలా వెనక్కి వచ్చిన చీరలకు అసలు వరుసే లేదు. అందుకే నెలనెలా లాభం కనిపించేది, చీరలు తెప్పించడానికి మాత్రం డబ్బు చాలేది కాదు.

శిక్షణలో చెప్పిన ఇంకో మాట మరింత ప్రమాదకరమైనది. ఏటా 40 లక్షలు దాటేవరకు జీఎస్టీ నమోదు అక్కరలేదని మా బ్యాచ్‌లోని కొత్తవారికి చెప్పారు. సరుకు అమ్మకాలకు 40 లక్షల పరిమితి చాలా రాష్ట్రాల్లో ఉన్నా తెలంగాణలో అది 20 లక్షలే. పైగా మార్కెట్‌ప్లేస్ ద్వారా ఇతర రాష్ట్రాలకు అమ్మేవారికి టర్నోవరుతో నిమిత్తం లేకుండా నమోదు తప్పనిసరి. 2023 అక్టోబరు 1 నుంచి వచ్చిన సడలింపు రాష్ట్రంలోపలే అమ్మే చిన్నవారికి, అదీ షరతులతో. ఆ బ్యాచ్‌లో కూర్చున్నవారెవరైనా ఇది చదువుతుంటే దయచేసి మరొకరిని అడిగి నిర్ధారించుకోండి.

అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టింది లాగిన్. పోర్టల్‌లో నా మొబైల్ నంబరు, ఈమెయిల్ ఉండవలసిన చోట ‘ఓటీపీల కోసం మిమ్మల్ని పదేపదే విసిగించకుండా’ అంటూ తమ సిబ్బంది నంబరు పెట్టుకున్నారు. నేను ఒప్పుకున్నాను, అది నా తప్పే. ఒక నెల జీఎస్టీఆర్-3బీని 23 రోజులు ఆలస్యంగా వేసి, రోజుకు 50 రూపాయల చొప్పున పడిన 1,150 రూపాయల ఆలస్య రుసుమును కూడా నా ఖాతాకే రాశారు. సేవ మానుకుంటానని చెప్పగానే, లాగిన్ అప్పగించడానికి మరో 8,000 రూపాయలు అడిగారు. ఇలా ఇరుక్కున్నవారు ఆ డబ్బు కట్టనవసరం లేదు. నమోదు పత్రం, పాన్, గుర్తింపు పత్రాలు తీసుకుని మీ పరిధిలోని జీఎస్టీ అధికారి కార్యాలయానికి వెళ్తే, పత్రాలు సరిచూసి అక్కడే మొబైల్, ఈమెయిల్ మార్చి కొత్త పాస్‌వర్డు వచ్చేలా చేస్తారు. నాకు రెండుసార్లు తిరగడంతో పని అయింది, రుసుమేమీ తీసుకోలేదు.

చివరికి రసీదు చూస్తే దాని మీద జీఎస్టీ నంబరే లేదు. నా దగ్గర 5,760 రూపాయలు జీఎస్టీ పేరుతో తీసుకున్నవారు, జీఎస్టీ నేర్పేవారు, జీఎస్టీ బిల్లు ఇవ్వలేదు. బిల్లు లేదు కాబట్టి ఆ మొత్తానికి క్రెడిట్ కూడా లేదు. తెలంగాణలో నమోదైన నంబరు 36తో మొదలై 15 అక్షరాలు ఉంటుంది, ఎవరైనా పోర్టల్‌లో లాగిన్ లేకుండానే అది ఎవరి పేరు మీద ఉందో చూడవచ్చు. ప్రకటనలో ‘చార్టర్డ్ అకౌంటెంట్ల పర్యవేక్షణ’ అని ఉంటే ఆ అకౌంటెంటు సభ్యత్వ సంఖ్య అడగండి. మేము అడిగినప్పుడు మాట మార్చారు.

డబ్బు వెనక్కి అడిగితే, డిజిటల్ పాఠాలకు ఫీజు తిరిగి ఇవ్వబోమని, పైగా మీరు వ్యాపారులే గనుక వినియోగదారుల చట్టం మీకు వర్తించదని జవాబిచ్చారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం మాత్రమే కొని వాడుకునే సరుకును వాణిజ్య ప్రయోజనంగా చూడరాదని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది, సేవల ప్రస్తావన మాత్రం ఆ వివరణలో లేదు. జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్తాను. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే అక్కడ రుసుము లేదు, మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది.

ఇలాంటి ప్యాకేజీ తీసుకోవాలని ఇంకా అనుకుంటున్నవారు, డబ్బు కట్టే ముందు మీ గత నెల సెటిల్‌మెంట్ షీటును వాళ్ల ముందు పెట్టి, అందులోని ఒక్క ఆర్డరుకు అమ్మకం విలువ, కమిషన్, టీసీఎస్, టీడీఎస్, తిరిగి వచ్చే క్రెడిట్ ఎంతో మీ ఎదుటే రాసి చూపమనండి. తెలిసినవారికి అది పది నిమిషాల పని. అదే సంస్థకు డబ్బు కట్టినవారు ఉంటే రసీదు, వాట్సాప్ సంభాషణ చెరిపేయకుండా ఉంచుకుని, పోర్టల్‌లో ముందు మొబైల్ నంబరు ఎవరిదో చూసుకోండి.