బుఖారా: కూడలి గుమ్మటాల కింద 4 రోజులు

ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంటులో ఎక్కిన అఫ్రోసియాబ్ రైలు దాదాపు 4 గంటల్లో మమ్మల్ని బుఖారా స్టేషనులో దింపింది గాని, బుఖారాలో దింపలేదు. స్టేషను ఉన్నది కగాన్ అనే పక్క ఊళ్లో. పాత నగరం అక్కడికి సుమారు 12 కిలోమీటర్లు. 19వ శతాబ్దం చివర రష్యన్లు రైలు మార్గం వేసినప్పుడు దాన్ని అప్పటి అమీర్ల రాజధాని అయిన బుఖారాకు దూరంగా ఉంచారు. దానివల్ల నేటికీ లాభపడుతున్నది స్టేషను బయట నిలబడే టాక్సీవాళ్లే. ఒకాయన అడిగిన మొత్తం ఫోనులో యాండెక్స్ యాప్ చూపినదానికి మూడింతలు ఉండటంతో, మేము యాప్ మీదే కారు పిలిపించుకున్నాము. అక్కడి ద్రవ్యమైన సోముల్లో, వేలల్లో పలికే ధరలు మొదటి రోజు కంగారు పెడతాయి. 2,00,000 సోముల నోటు కూడా చెలామణిలో ఉన్న దేశమది.

బస విషయంలో ఆధునిక హోటలు కన్నా పాత వర్తకుల ఇల్లే మేలని నా అభిప్రాయం. ల్యాబీ హౌజ్ అనే కోనేటికి దక్షిణాన ఉన్న పాత యూదుల పేటలో అటువంటి ఇళ్లు చాలావరకు అతిథి గృహాలుగా మారాయి. బయటి నుంచి చూస్తే మట్టి పూసిన మొండి గోడలు తప్ప ఏమీ కనిపించవు; లోపలికి వెళితే నడుమ ముంగిలి, చెక్క స్తంభాల వసారా, రంగులద్దిన దూలాల పైకప్పు, గోడల్లో గచ్చుతో చెక్కిన చిన్న చిన్న గూళ్లు. మా గదిలో రాత్రిపూట వేడినీళ్లు రాలేదు. పొద్దున ఇచ్చిన వేడి రొట్టె, ఎండు పళ్లు, గ్రీన్ టీ ఆ లోటును కొంత తీర్చాయి. విదేశీయులు 3 రోజుల్లోగా బస నమోదు చేయించుకోవాలన్నది అక్కడి నిబంధన. హోటలువారే ఆ పని చేస్తారు కాని, మేము అడిగేవరకు మా ఇంటివారు ఆ చీటీ మాట ఎత్తలేదు.

ఇక అసలు చూడవలసినవి గుమ్మటాల బజార్లు. 16వ శతాబ్దంలో షైబానీ వంశ పాలనలో, ఊరి పెద్ద దారులు కలిసే చోట, ఆ కూడలిని ఆపకుండానే దాని నెత్తిన ఇటుక గుమ్మటం కట్టి, చుట్టూ దుకాణాలు అమర్చారు. బళ్లు, ఒంటెలు వంపు ద్వారాల కిందుగా సాగిపోయేవి, బేరాలు పక్కనే జరిగేవి. అటువంటివి నేడు 3 మిగిలాయి: నగల పనివారి జర్గరోన్, టోపీలవారి తెల్పక్ ఫురుషోన్, డబ్బు మార్చేవారి సర్రాఫోన్. ఈ చివరి పేరు వినగానే మన షరాబులు గుర్తుకు వస్తారు. రెంటికీ మూలం ఒక్కటే. మన హైదరాబాదు చార్‌కమాన్ కూడా ఆ శతాబ్దపు నిర్మాణమే కాబట్టి, కూడలి, కమాను, నడుమ హౌజు అనే ఆ కూర్పు మాకు కొత్తగా అనిపించలేదు.

మూడింటిలోనూ నాకు నచ్చినది తెల్పక్ ఫురుషోన్. అక్కడ 5 దారులు కలుస్తాయి. లోపలికి అడుగుపెట్టిన మనిషి వచ్చిన దారినే వెతుక్కోవలసి వస్తుంది. అంత ఎండలోనూ లోపల చల్లగా ఉంటుంది. జర్గరోన్ అన్నిటికన్నా పెద్దదే గాని, సరుకు ఒక దుకాణానికీ మరో దుకాణానికీ తేడా లేకుండా ఉంది. సర్రాఫోన్ చిన్నది, దాటిపోవడానికి నిమిషం చాలు. 1577లో కట్టిన అబ్దుల్లా ఖాన్ తీమ్ కూడలి మీది కట్టడం కాదు, దారి పక్కన కట్టిన పట్టు బజారు. తివాచీలు కొనదలచినవారు కొనకపోయినా కూర్చుని చూడదగిన చోటు అది. సుజానీ అనే కుట్టుపని గుడ్డలు కొనేటప్పుడు తిరగవేసి చూడటం మరువకూడదు: చేతి కుట్టులో ముళ్లు, వంకరలు తెలుస్తాయి, మిషను కుట్టు వెనకవైపు కూడా ఒకే తీరుగా ఉంటుంది.

1127 నాటి కల్యాన్ మీనారును పొద్దున్నే చూశాము, తక్కిన సమయమంతా బజార్లకే ఇచ్చాము. నాదిర్ దివాన్‌బేగీ మదరసా ముంగిట సాయంత్రం జరిగే నృత్య ప్రదర్శన, భోజనం కలిపిన ఏర్పాటు మాత్రం నాకు అంతగా నచ్చలేదు. వంటకం చల్లారింది, సంగీతం చెవులకు మించింది. సరాయిగా మొదలై మదరసాగా మారిన ఆ కట్టడాన్ని, ముఖద్వారం మీది పక్షుల బొమ్మలను పగలు చూస్తేనే తృప్తి. శాకాహారులకు సమోసా వంటి గుమ్మడికాయ సంసా, టొమాటో సలాడు, రొట్టె దొరుకుతాయి. పలావులో మాంసం ఉంటుంది.

తెల్పక్ ఫురుషోన్‌కు దగ్గర్లోని కమ్మరి కొట్టులో కొంగ ఆకారపు కత్తెర ఒకటి కొన్నాను. ముక్కే రెండు అంచులుగా తెరుచుకుంటుంది. బేరానికి ఆయన కొంచెమే దిగాడు గాని, కాగితాన్ని మడతలు పెట్టి కోసి చూపి మరీ ఇచ్చాడు. ఇటువంటివి కొనేవారు విమానాశ్రయానికి వెళ్లేముందే దాన్ని చెక్-ఇన్ సామానులోకి మార్చుకోవాలి. నేను చేతిసంచిలో మరిచి, వరుసలోంచి వెనక్కి రావలసి వచ్చింది.