నాలుగేళ్ల వాడకం తర్వాత: లాప్‌టాప్‌లో ఓపెన్ సోర్స్ ఈసీ ఫర్మ్‌వేర్, శ్రీకాకుళం ఉక్కపోతలో

వాడినది లినక్స్ లాప్‌టాప్‌లు అమ్మే సిస్టమ్76 కంపెనీ వారి ఈసీ ఫర్మ్‌వేర్, అంటే ఈసీ అనే చిన్న చిప్పులో నడిచే కోడ్. బోర్డు లెంప్9, అంటే 73 వాట్ అవర్ బ్యాటరీ ఉన్న 14 అంగుళాల లీమర్ ప్రో. చిప్పు ఐటీఈ కంపెనీ ఐటీ5570ఈ. లైసెన్సు జీపీఎల్ 3వ వెర్షన్, అంటే కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. తీర్పు ముందే చెప్పేస్తాను: బ్యాటరీ కోసం, ఫ్యాన్ కోసం దీన్ని పెట్టుకోవచ్చు, ఢోకా లేదు. కోడ్ మార్చి మీరే ఎక్కించుకోవాలనుకుంటే మాత్రం, బయటినుంచి ఫ్లాష్ చేసే, అంటే చిప్పులోకి కోడ్ రాసే సరంజామా బల్ల మీదికి వచ్చేదాకా మొదటి ఫ్లాష్ జోలికి వెళ్లకండి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఎంబెడెడ్ కంట్రోలర్, పొట్టిగా ఈసీ, మదర్‌బోర్డు మీద ఉండే చిన్న మైక్రోకంట్రోలర్. లాప్‌టాప్ ఆపేసినా దీనికి కరెంటు అందుతూనే ఉంటుంది. పవర్ బటన్ నొక్కితే ముందు తెలిసేది దీనికే. కీబోర్డు చదవడం, బ్యాటరీ ఛార్జింగ్, ఫ్యాన్ వేగం, మూత వేశారా తీశారా చూడటం, ప్రాసెసర్‌కి విద్యుత్తును ఒక వరుసలో అందించడం అన్నీ దీని పనులే. మామూలు లాప్‌టాప్‌లలో ఈ కోడ్ తయారీదారు దగ్గరే ఉంటుంది, మనకు కనబడదు. ఫ్యాన్ ఎందుకు గోల పెడుతోందో, బ్యాటరీ ఎందుకు ఉబ్బిందో ఊహించుకోవడమే. ఇక్కడ ఫైలు తెరిచి చూడొచ్చు. నాలుగేళ్లలో నాకు బాగా అక్కరకొచ్చింది అదే.

బ్యాటరీతో మొదలుపెడతాను. మన జిల్లాల్లో లాప్‌టాప్ రోజంతా ప్లగ్‌లోనే ఉంటుంది, గది వేడిగా ఉంటుంది. లిథియం సెల్‌ని నూరు శాతం దగ్గర, వేడిలో, నెలల తరబడి ఉంచితే తొందరగా పాడవుతుంది. ఈ ఫర్మ్‌వేర్‌లో ఛార్జింగ్ ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో రెండు హద్దులు పెట్టుకోవచ్చు. సిస్టమ్76 పవర్ టూల్‌లో మూడు ప్రొఫైళ్లు సిద్ధంగా ఉన్నాయి: పూర్తి సామర్థ్యానికి 96–100, మధ్యస్థానికి 86–90, ఎక్కువ ఆయుష్షుకి 50–60. హద్దు పాటించేది ఈసీయే కాబట్టి లాప్‌టాప్ ఆపేసి ప్లగ్‌లో వదిలేసినా అదే లెక్క నడుస్తుంది. లినక్స్‌లోనైతే పవర్ సప్లై ఫోల్డర్‌లో బ్యాట్0 కింద ఉండే రెండు ఫైళ్లలో నేరుగా అంకెలు రాసినా సరిపోతుంది.

ఎక్కువ నెలలు 50–60 మీదే పెట్టి వాడాను. అక్టోబరు, నవంబరు వస్తే మాత్రం అలా కుదరదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు 60 దగ్గర ఆగిన బ్యాటరీ ఏ మూలకి? వాయుగుండం కబురు వినగానే పూర్తి సామర్థ్యానికి మార్చి, గాలివాన వెళ్లాక మళ్లీ తగ్గించుకోవాలి. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించిన ప్రతిసారీ హద్దుల్ని ఒకసారి చదివి చూసుకోండి, మీరు పెట్టినవి అలాగే ఉన్నాయని అనుకోవద్దు.

ఛార్జర్ అంకెలు బోర్డు ఫైల్లో ఉంటాయి: ఛార్జ్ వోల్టేజీ, ఛార్జ్ కరెంటు, ఇన్‌పుట్ కరెంటు. అన్నీ మిల్లీవోల్టుల్లో, మిల్లీఆంపియర్లలో. 4.4 వోల్టుల సెల్స్ రెండు వరుసగా ఉంటే వోల్టేజీ 8800. 19 వోల్టుల 65 వాట్ల అడాప్టర్‌కి ఇన్‌పుట్ కరెంటు 3420. వీటిలో వోల్టేజీ అంకెను సరదాకి కూడా ముట్టుకోవద్దు. వేరే బోర్డు ఫైలు కాపీ కొట్టి, సెల్స్ వరుస లెక్క చూడకుండా ఎక్కిస్తే మిగతా తప్పుల్లా బూట్ అవ్వకపోవడంతో పోదు, నిప్పుతో చెలగాటం అవుతుంది. ఇన్‌పుట్ కరెంటు తగ్గించుకోవడం మాత్రం మంచిదే. ఇంట్లో చిన్న ఇన్వర్టర్ ఉంటే 2500 పెట్టండి, ఛార్జింగ్ నెమ్మదిస్తుంది గానీ ఇన్వర్టర్ గోల పెట్టదు.

ఇన్వర్టర్ మాట వచ్చింది కాబట్టి: కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో అడాప్టర్ వోల్టేజీ పడిపోతే, ఈసీ దాన్ని అడాప్టర్ తీసేసినట్టే లెక్కేస్తుంది. వెంటనే ప్రాసెసర్ వాట్ల పరిమితిని బ్యాటరీ స్థాయికి తగ్గిస్తుంది, మరుక్షణం మళ్లీ పెంచుతుంది. కంపైల్ జరుగుతుండగా ఒక్క కుదుపులా తెలుస్తుంది. ఈసీ తన పనుల చిట్టా చూపించే కన్సోల్ తెరిచి ఉంచితే అడాప్టర్ వచ్చిందీ పోయిందీ వరుసగా కనబడుతుంది. తప్పు ఫర్మ్‌వేర్‌ది కాదు. ఇన్వర్టర్ వెనక స్విచ్ ఉంటే యూపీఎస్ మోడ్‌లో పెట్టండి, చాలావరకు పోతుంది.

ఫ్యాన్ సంగతి. ప్రాసెసర్ ఉష్ణోగ్రతను పెకీ అనే తీగ మీదుగా ఈసీ చదువుతుంది. బోర్డు ఫైల్లో ఉష్ణోగ్రత, ఫ్యాన్ శాతం జతలుగా ఉంటాయి, మధ్య విలువలు కోడే లెక్కేసుకుంటుంది. విజయనగరంలో మే నెల మధ్యాహ్నం గది 38 డిగ్రీలుంటే, చల్లటి ఊళ్ల కోసం రాసిన వరుస ఇక్కడ ఫ్యాన్‌ని ఆపుతూ తిప్పుతూ విసిగిస్తుంది. నేను స్థిరపడినవి ఇవి: 55 దగ్గర 25 శాతం, 65 దగ్గర 40, 75 దగ్గర 60, 82 దగ్గర 80, 88 దగ్గర 100. సున్నా శాతం దశ తీసేశాను. సన్నగా తిరుగుతూ ఉండే ఫ్యానే నయం, ఆగి ఆగి ఒక్కసారి హోరెత్తే ఫ్యాన్ కంటే. దీనికి తోడు హీటప్, కూల్‌డౌన్ అని రెండు అంకెలున్నాయి. హీటప్ అంటే గత కొన్ని కొలతల్లో తక్కువది తీసుకోవడం, కాబట్టి ఒక్క క్షణం పెరిగి తగ్గే వేడికి ఫ్యాన్ ఉలిక్కిపడదు. కూల్‌డౌన్ అంటే గత కొన్నింటిలో ఎక్కువది తీసుకోవడం, కాబట్టి ఫ్యాన్ నిదానంగా దిగుతుంది. గోల గురించి విసుగుంటే శాతాలు మార్చేముందు కూల్‌డౌన్ పెంచి చూడండి, సగం సమస్య అక్కడే తీరుతుంది. ఇంకోటి, సముద్రం దగ్గరి ఊళ్లలో హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము జిగురుగా పేరుకుంటుంది. ఆరు నెలలకోసారి విప్పి బ్లోయర్ పెట్టకపోతే ఏ అంకెలు మార్చినా దండగే.

కీబోర్డు మ్యాప్ సీ ఫైల్లో పట్టికలా ఉంటుంది, రీకంపైల్ చేయకుండా, ఈసీతో మాట్లాడే ఈసీటూల్ అనే కమాండ్‌తో కూడా మార్చుకోవచ్చు. క్యాప్స్‌ని కంట్రోల్ చేసుకోవడం అందరూ చేసేదే. అంతకంటే పనికొచ్చింది మరొకటి: ఉప్పుగాలికి ఒక కీ చచ్చిపోతే, కొత్త కీబోర్డు వచ్చేదాకా దాన్ని ఎఫ్ఎన్ లేయర్‌లో ఇంకో కీ మీదికి మార్చుకోవచ్చు. ఈసీటూల్‌లో మ్యాట్రిక్స్ కమాండ్ ఏ వరుస, ఏ నిలువు మూసుకుందో చూపిస్తుంది. ఒకే వరుసలో కీలన్నీ పోతే కీలది తప్పు కాదు, రిబ్బన్ కొస తుప్పు పట్టిందని అర్థం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ దూర్చితే చాలాసార్లు బతుకుతుంది. అక్షరాలు రెండేసి పడుతుంటే డీబౌన్స్ కాలం, అంటే ఒక నొక్కు తర్వాత కీ అదురును పట్టించుకోకుండా ఉండే వ్యవధి, కాస్త పెంచి చూడొచ్చు.

ఇక కోడ్ రాసేవాళ్లకి. చిప్పు లోపల ఉన్నది 8051 కోర్, ఇంటెల్ 1980లో తెచ్చిన ఆ పాత నమూనాయే. కంపైలర్ ఎస్‌డీసీసీ. డిపెండెన్సీ స్క్రిప్టు ఉంది, అది నడిపి బోర్డు పేరిచ్చి మేక్ కొడితే రోమ్ ఫైలు నిమిషం లోపే వస్తుంది. అసలు తిప్పలు అక్కణ్ణుంచే. ఇంట్ ఇక్కడ 16 బిట్లే, గరిష్ఠం 32767. వాట్లు లెక్కేద్దామని 8400 మిల్లీవోల్టుల్ని 2000 మిల్లీఆంపియర్లతో గుణిస్తే 1,68,00,000 రావాలి, వచ్చేది చెత్త. గుణకారానికి ముందే 32 బిట్లకి మార్చాలి, తర్వాత మారిస్తే లాభం లేదు. బ్యాటరీ కరెంటు విలువ ఉండే రిజిస్టర్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. డిశ్చార్జ్ అవుతున్నప్పుడు అది రుణ సంఖ్య. అన్‌సైన్డ్‌గా, అంటే రుణ గుర్తు లేని సంఖ్యగా చదివితే 1500 మిల్లీఆంపియర్ల డిశ్చార్జ్ 64036గా కనబడుతుంది. ఉష్ణోగ్రత రిజిస్టర్ కెల్విన్‌లో పదో వంతుల లెక్క: 3132 అంటే 40 డిగ్రీలు.

లోకల్ వేరియబుల్స్ స్టాక్ మీద ఉండవు, కంపైలర్ వాటికి స్థిరమైన చోట్లు కేటాయిస్తుంది. ఒకే ఫంక్షన్‌ని మెయిన్ లూప్ నుంచీ ఇంటరప్ట్ నుంచీ పిలిస్తే ఒకదాని విలువలు ఇంకోటి తుడిచేస్తుంది, రోజుకోసారి మాత్రమే బయటపడే బగ్ తయారవుతుంది. రీఎంట్రెంట్ అని గుర్తు పెట్టాలి, లేదా అలా పిలవడమే మానేయాలి. పెద్ద పట్టికలకి, ఫ్లాష్‌లోనే ఉండాలని చెప్పే 'కోడ్' అనే గుర్తు పెట్టకపోతే అవి ర్యామ్‌ని తినేస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్ లాంటిదేమీ లేదు, ఒకే లూప్ అన్ని పనులూ వంతులవారీగా చేస్తుంది. ఎక్కడైనా 50 మిల్లీసెకన్ల డిలే పెట్టారో, కీబోర్డు టైపింగ్‌లో తడబడుతుంది. పవర్ వరుస ఫైలు మాత్రం చదువుకోవడానికే. సరఫరా నిలకడపడ్డాక రీసెట్ తీగ వదలడానికి కనీసం 10 మిల్లీసెకన్లు ఆగాలి వంటి ఇంటెల్ నియమాలన్నీ అందులో ఉన్నాయి. తగ్గిస్తే ఒక బోర్డు లేస్తుంది, ఇంకోటి లేవదు.

ఫ్లాష్ చేయడం. ముందు ఈసీటూల్‌తో ఉన్న ఫర్మ్‌వేర్‌ని బ్యాకప్ తీసి వేరే కంప్యూటర్‌లో పెట్టండి. అడాప్టర్ తగిలించి, బ్యాటరీ కూడా సగం పైనే ఉంచండి. ఫ్లాష్ ఇంటర్నల్ టార్గెట్ నడిపితే ఈసీ చిన్న కోడ్‌ని ర్యామ్‌లోకి లాక్కుని, 128 కేబీ ఫ్లాష్‌ని చెరిపి రాస్తుంది. ఆ కాసేపు కీబోర్డు పలకదు, కంగారుపడి పవర్ బటన్ నొక్కొద్దు. అయ్యాక మెషీన్ తనంతట తానే ఆగిపోతుంది. సెక్యూర్ బూట్ వల్ల కెర్నల్ లాక్‌డౌన్‌లో ఉంటే పోర్టులు అందక టూల్ మొదట్లోనే ఆగిపోతుంది. ఈసీని కొత్తది చేసి, బయోస్ స్థానంలో ఉండే కోర్‌బూట్‌ని పాతదే ఉంచితే బ్యాటరీ శాతం, ఎఫ్ఎన్ కీల వంటివి తప్పొచ్చు, రెండూ జతగా ఎక్కించాలి.

పాడైతే? ఈ ఫర్మ్‌వేర్‌కి రెండో కాపీ లేదు. ఈసీ లేవకపోతే పవర్ బటన్‌కి అర్థమే లేదు, లాప్‌టాప్ ఇటుకే. మళ్లీ లేపే దారి ఆర్డుయినో మెగా 2560 అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు. ఐటీఈ చిప్పుల్లో కీబోర్డు తీగలే ప్యారలల్ పోర్టుగా కూడా పనిచేస్తాయి, కాబట్టి కీబోర్డు రిబ్బన్ సాకెట్‌లోంచే ఫ్లాష్ రాయొచ్చు. కావాల్సినవి మెగా, దాని యూఎస్‌బీ తీగ, సాకెట్‌కి సరిపోయే రిబ్బన్, దాని పిన్నుల్ని విడివిడిగా బయటికి తెచ్చే బ్రేకౌట్ బోర్డు. మెగా విశాఖలో దొరుకుతుంది, బ్రేకౌట్ బోర్డుకి మాత్రం ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చి ఎదురుచూడాలి. అందుకే ముందే తెచ్చుకోమన్నాను. కొనేముందు పిన్నులు లెక్కపెట్టి స్కేలుతో కొలవండి: 24 పిన్నులకి మొదటిదాని నుంచి చివరిదాకా 23 మిల్లీమీటర్లుంటే పిచ్, అంటే పిన్నుకీ పిన్నుకీ దూరం, 1 మిల్లీమీటరు, 11.5 ఉంటే అర. రిబ్బన్ తిరగబడితే ఒకటో పిన్ను చివరికి పోతుంది. తగిలించాక మల్టీమీటర్‌తో గ్రౌండ్ పిన్ను సరిచూడకుండా పవర్ ఇవ్వొద్దు. క్లోన్ మెగా అయితే లినక్స్‌లో దాని పోర్టు పేరు వేరుగా వస్తుంది, చేత్తో ఇవ్వాలి. బ్యాటరీ కనెక్టర్ తీసేయడం మరవకండి.

ఈ ఫర్మ్‌వేర్‌ని వేరే లాప్‌టాప్‌కి పోర్ట్ చేద్దామనుకునేవాళ్లు, అంటే దానికి సరిపడేలా మార్చుకునేవాళ్లు, ముందు చిప్ ఐడీ చూడాలి. ఐటీ8587 గానీ ఐటీ5570 గానీ కాకపోతే అక్కడితో ఆపేయండి. అదే చిప్ అయితే, పాత ఫర్మ్‌వేర్ నడుస్తుండగానే ఈసీస్పై టూల్‌తో ప్రతి జీపీఐఓ పిన్ను (కోడ్‌తో ఆన్, ఆఫ్ చేసే సిగ్నల్ పిన్ను) స్థితినీ చదివి రాసుకోవచ్చు. బోర్డు సర్క్యూట్ పటం, అంటే స్కీమాటిక్, లేకుండా మాత్రం ముందుకెళ్లలేరు. సిస్టమ్76 లాంటి కంపెనీలకి లాప్‌టాప్‌లు తయారుచేసిచ్చే క్లెవో వారి సర్వీస్ మాన్యువల్లో అది ఉంటుంది, అందుకే పోర్టులు ఎక్కువగా ఆ కుటుంబంలోనే కనబడతాయి.

గూగుల్ వారి ఓపెన్ సోర్స్ ఈసీ ఫర్మ్‌వేర్, క్రోమ్ ఈసీతో పోలిస్తే? దానిది బీఎస్‌డీ లైసెన్సు, క్రోమ్‌బుక్‌ల కోసం రాసింది. లాప్‌టాప్‌లు చేసే ఫ్రేమ్‌వర్క్ కంపెనీ 2022 జనవరిలో బయటపెట్టిన ఈసీ కోడ్ కూడా దాని మీద కట్టిందే. అందులో పనులు వేరువేరు టాస్కులుగా నడుస్తాయి, ఎస్‌టీఎం32, న్యూవోటాన్, మైక్రోచిప్ వంటి చాలా చిప్పులకి కోడ్ ఉంది. అన్నిటికంటే ముఖ్యం, ఫ్లాష్‌లో రెండు కాపీలుంటాయి: మారని ఆర్‌ఓ, మార్చుకునే ఆర్‌డబ్ల్యూ. రెండోది పాడైనా మొదటిది లేస్తుంది. ఆ నిశ్చింత సిస్టమ్76 దాంట్లో లేదు. కానీ కొత్తగా చదివేవాడికి సిస్టమ్76 కోడే సులువు. కీబోర్డు నొక్కు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో ఒక్క సాయంత్రంలో పట్టుకోవచ్చు. క్రోమ్ ఈసీలో అదే పనికి పది మ్యాక్రోలు దాటాలి. చేతిలో ఏ బోర్డూ లేనివాళ్లు మాత్రం క్రోమ్ ఈసీ వైపే వెళ్లండి. దాని హోస్ట్ టెస్టులు మామూలు లినక్స్ కంప్యూటర్ మీదే నడుస్తాయి, ఇటుక భయం లేకుండా కోడ్ విరిచి చూసుకోవచ్చు.